అరగంటలో సముద్రపు పాస్తా: విశాఖలో ఏది వండాలి, పక్కన ఏ వైన్ పెట్టాలి

రాత్రికి పాస్తా చేద్దామనుకోగానే చాలామంది ముందు సాస్ గురించి ఆలోచిస్తారు, తర్వాత చేప గురించి. వైన్ సంగతి దుకాణం కట్టేసే వేళకి గుర్తొస్తుంది. విశాఖలో ఉండి వండేవాళ్ళు ఈ వరస కొంచెం మార్చుకుంటే సగం ఇబ్బంది తీరుతుంది. పీత ఒక్కటి తప్పిస్తే సముద్రపు పాస్తాకి పొయ్యి మీద పట్టేది పది పదిహేను నిమిషాలే. ఆలస్యమంతా సింకు దగ్గర జరుగుతుంది: రొయ్యల పొట్టు, నల్లనరం, పీత డిప్ప, స్క్విడ్ లోపలి సిరా సంచి. అందుకే పని రోజుల్లో చేపని ఎంచుకునేటప్పుడు రుచికంటే ముందు శుభ్రం చేయడానికి ఎంతసేపు పడుతుందో చూడాలి. వైన్‌ని సాస్‌ని బట్టి ఎంచుకోవాలి. రొయ్య ఒకటే అయినా వెల్లుల్లి నూనెలో వేస్తే ఒక వైన్ నప్పుతుంది, కారం టమాటాలో వేస్తే ఇంకోటి.

ఇక్కడ ఐదు రకాల పాస్తాలు, ఐదు రకాల వైన్లు పక్కపక్కన పెట్టి చూద్దాం. కొలతలన్నీ ఇద్దరికి.

## దేన్ని బట్టి తేల్చుకోవాలి

మొదటిది శుభ్రం చేసే సమయం. ఫిషింగ్ హార్బర్‌లోనో, పెద జాలరిపేట దగ్గరో పొద్దున్నే కొని అక్కడే శుభ్రం చేయించి ఫ్రిజ్‌లో పెట్టుకున్నవాళ్ళకి ఏదైనా నడుస్తుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ దారిలో కొనేవాళ్ళకి అలా కాదు.

రెండోది, ఒక్క నిమిషం ఎక్కువైతే ఏమవుతుందన్నది. స్క్విడ్ ఒక్క నిమిషం ఎక్కువ వేగితే రబ్బరే. కోనాం (వంజరం చేప) ఒక నిమిషం ఎక్కువైనా కాస్త పొడిబారుతుందంతే, తినడానికి బాగానే ఉంటుంది. కొత్తగా వండేవాళ్ళు ఈ తేడాని గట్టిగా పట్టించుకోవాలి.

మూడోది కాలం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట ఆగిపోతుంది. ఆ రెండు నెలలూ హార్బర్‌లో మంచి కోనాం, స్క్విడ్ దొరకడం కష్టం. దొరికినా ఎక్కువభాగం ఐసులో నిలవ ఉన్న సరుకే. చెరువుల్లో పెంచే వనామీ రొయ్యలకి వేట విరామంతో సంబంధం లేదు. ఎండు చేపలకి అసలు కాలమే లేదు.

నాలుగోది మీ ఇంట్లో తినే కారం. వైన్ దగ్గరికి వచ్చేసరికి అన్నిటికంటే ఎక్కువ లెక్కలోకి వచ్చేది ఇదే. దాని సంగతి కింద వివరంగా ఉంది. పట్టికలో కనిపించే సావిన్యాన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్, షార్డనే తెల్ల వైన్లు, రోజే గులాబీ రంగుది, బ్రూట్ బుడగలది.

| పాస్తా | శుభ్రానికి | పొయ్యి మీద | చెడే భయం | మొదటి ఎంపిక వైన్ |
|---|---|---|---|---|
| రొయ్యలు, వెల్లుల్లి, నిమ్మ | 15–20 నిమిషాలు. పొట్టు తీసినవైతే 5 | 12 నిమిషాలు | మధ్యస్థం | సావిన్యాన్ బ్లాంక్ |
| స్క్విడ్, టమాటా, ఎండుమిర్చి | 15 నిమిషాలు | 15–18 నిమిషాలు | ఎక్కువ | కాస్త తీపి ఉన్న షెనిన్ బ్లాంక్ |
| పీత, క్రీమ్ | 45 నిమిషాల పైనే | 25 నిమిషాలు | తక్కువ | షార్డనే |
| కోనాం, చిన్న టమాటా | 5 నిమిషాలు | 12 నిమిషాలు | తక్కువ | రోజే |
| ఎండు నెత్తళ్ళు, వేయించిన బ్రెడ్ పొడి | 5 నిమిషాలు | 12 నిమిషాలు | తక్కువ | స్పార్క్లింగ్ బ్రూట్ |

## ఏది వండినా పాస్తా ఇలా ఉడకాలి

రెండు లీటర్ల నీళ్ళు, మూడు టీస్పూన్ల ఉప్పు (సుమారు 18 గ్రాములు), 200 గ్రాముల స్పగెట్టి. గిన్నె నిండా నాలుగైదు లీటర్లు పోయాలని చదివి ఉంటారు. ఇంటి గ్యాసు పొయ్యి మీద అన్ని నీళ్ళు మరగడానికే ఇరవై నిమిషాలు పోతాయి. పైగా నీళ్ళు తక్కువైతేనే పిండి చిక్కగా దిగుతుంది. సాస్‌ని పట్టి ఉంచేది ఆ గంజే.

ప్యాకెట్ మీద పది నిమిషాలని రాసి ఉంటే ఎనిమిదో నిమిషంలో దింపండి. మిగతా రెండు నిమిషాలు సాస్‌లో ఉడకాలి. దింపే ముందు ఒక పెద్ద కప్పు గంజి పక్కన పెట్టుకోండి. అన్నం వార్చే అలవాటు చేతికి ఉన్నవాళ్ళు పాస్తానీ నేరుగా సింకులోకి వార్చేసి, తర్వాత గంజి కోసం వెతుక్కుంటారు. పట్టుకారుతో పాస్తానే మూకుట్లోకి ఎత్తుకుంటే ఆ పొరపాటు జరగదు.

నీళ్ళలో నూనె వేయకండి, ఉడికాక చన్నీళ్ళతో కడగకండి. నూడుల్స్‌కి ఈ రెండూ చేస్తాం, అవి విడివిడిగా ఉండాలి కాబట్టి. పాస్తాకి సాస్ అంటుకోవాలి. నూనె, చన్నీళ్ళు రెండూ ఆ జిగురుని తీసేస్తాయి.

## రొయ్యలు, వెల్లుల్లి, నిమ్మ

ఎక్కువమందికి ఇదే సరిపోతుంది. ఏడాది పొడుగునా వనామీ దొరుకుతుంది, పొట్టు తీసినవి కొంటే నిజంగానే అరగంటలో కంచంలోకి వస్తుంది.

కిలోకి 40 తూగే రొయ్యలు అరకిలో తీసుకోండి. అంటే ఇరవై రొయ్యలు. తల, పొట్టు పోగా చేతికి వచ్చేది పావుకిలోకి కాస్త ఎక్కువ. కిలోకి వంద తూగే చిన్న రొయ్యలు చవకే, కానీ ఒలవడానికి రెండింతల సమయం పడుతుంది, మూకుట్లో రంగు తిరిగేలోపే ఉడికిపోతాయి. అవి వంకాయ కూరకో, గోంగూరకో ఉంచుకోండి. తల వదులుగా ఊగుతున్నా, నల్లబడినా ఆ రొయ్యలు నిలవ సరుకు. అమ్మేవాళ్ళే ఒలిచి ఇస్తుంటే తలలు పారేయొద్దని చెప్పి విడిగా కవర్లో వేయించుకోండి, వాటి అవసరం ఉంది.

రొయ్యలు పసుపు, ఉప్పు వేసి కడగడం మన ఇళ్ళలో అలవాటు. పులుసుకి అది మంచిదే. ఈ పాస్తాలో వెల్లుల్లి, నిమ్మ తప్ప వేరే వాసన లేదు కాబట్టి పసుపు చేదు తెలిసిపోతుంది. ఉప్పుతో కడిగితే చాలు. తర్వాత గుడ్డతో తడి పూర్తిగా అద్దేయండి. పావు టీస్పూన్ ఉప్పు, పావు టీస్పూన్ వంటసోడా పట్టించి పదిహేను నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే వేగాక కొరికినప్పుడు పటుక్కుమంటాయి. సోడా అంతకు మించితే సబ్బు వాసన వస్తుంది.

వెడల్పాటి మూకుట్లో రెండు టేబుల్ స్పూన్ల ఆలివ్ నూనె బాగా కాగాక రొయ్యలు ఒకే వరసలో పరవండి. ఒక వైపు నిమిషంన్నర, రెండో వైపు ముప్పావు నిమిషం, అంతే, తీసేయండి. రొయ్య ఇంగ్లీషు C అక్షరంలా కాస్త వంగి ఉంటే సరిగ్గా ఉడికినట్టు, తల తోక కలిసి పూర్తిగా చుట్టుకుపోతే మించిపోయినట్టు. ఇరవై రొయ్యలూ ఒకేసారి చిన్న మూకుట్లో కుమ్మరిస్తే నీళ్ళు వదిలి ఉడుకుతాయే తప్ప వేగవు. మూకుడు చిన్నదైతే రెండు వాయిలుగా వేయండి.

సెగ తగ్గించి ఇంకో రెండు టేబుల్ స్పూన్ల నూనె, పల్చగా తరిగిన ఆరు వెల్లుల్లి రెబ్బలు వేయండి. లేత బంగారు రంగు రాగానే పావు టీస్పూన్ మిర్చి పలుకులు, వెంటనే 60 మి.లీ. వైన్. వెల్లుల్లి గోధుమ రంగుకి వెళ్ళిందంటే చేదు వచ్చేసినట్టే. దాన్ని ఏ సాసూ కప్పిపుచ్చదు. నూనె పారబోసి మళ్ళీ మొదలుపెట్టడమే నయం. వైన్ సగం ఇగిరాక పాస్తా, 150 మి.లీ. గంజి వేసి పెద్ద సెగ మీద రెండు నిమిషాలు ఎగరేస్తూ తిప్పండి. నూనె, గంజి కలిసి తెల్లగా చిక్కబడతాయి. అప్పుడు పొయ్యి కట్టేసి రొయ్యలు, అర నిమ్మకాయ రసం, సన్నగా తరిగిన కొత్తిమీర కాడలు కలపండి. నిమ్మరసం సెగ మీద పడితే సువాసన పోయి ఒట్టి పులుపు మిగులుతుంది.

కంచం అడుగున నూనె విడిగా కనిపిస్తే గంజి తక్కువైందని అర్థం. రెండు చెంచాల వేడి గంజి పోసి అర నిమిషం తిప్పితే కలిసిపోతుంది.

ఇంట్లో వైన్ వాడకపోతే రొయ్యల తలలే దిక్కు. చెంచా నూనెలో తలల్ని ఎర్రబడేదాకా వేయించి, గరిటెతో నలిపి, 300 మి.లీ. నీళ్ళు పోసి పన్నెండు నిమిషాలు మరిగించి వడగట్టండి. సగం నీళ్ళు మిగులుతాయి. వైన్ బదులు అందులోంచి 100 మి.లీ. వేస్తే చాలు. నిజానికి వైన్ వేసేవాళ్ళు కూడా ఇది ఓ పావు కప్పు కలిపితే రుచి ఎక్కడికో వెళ్తుంది.

ఆలివ్ నూనె గురించి ఒక మాట. ఇక్కడ నూనే సాస్. పోమస్ అని రాసి ఉన్న చవక రకంలో వాసన దాదాపు ఉండదు, వేపుళ్ళకి పనికొస్తుంది. దీనికి ఎక్స్‌ట్రా వర్జిన్ వాడండి. నూనెలో నాలుగు కరివేపాకులు వేయొచ్చా అంటే, హాయిగా వేయొచ్చు, వెల్లుల్లికి బాగా నప్పుతుంది. రెండు రెమ్మలు దూస్తే మాత్రం అది రొయ్యల వేపుడు వైపు వెళ్ళిపోతుంది.

## స్క్విడ్, టమాటా, ఎండుమిర్చి

కారం లేనిదే ముద్ద దిగని ఇళ్ళకి ఇది. ఇటలీలోనూ టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చి కలిపి కోపంగా ఉన్న సాస్ అనే అర్థంలో అరబ్బియాత అంటారు. మనకి కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ ఉండదు.

చిన్న స్క్విడ్‌లు 350 గ్రాములు. చర్మం మీద చుక్కలు స్పష్టంగా, మెరుస్తూ ఉండాలి. మొత్తం గులాబీ రంగుకి తిరిగితే పాతబడినట్టు. తలని మెల్లగా లాగితే లోపలివన్నీ కలిసి వస్తాయి. తర్వాత వీపు లోపలున్న ప్లాస్టిక్ పుల్లలాంటి ఎముక తీయాలి. దీన్ని మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. సెంటీమీటరు వెడల్పు చక్రాలుగా కోసి, రొయ్యల కంటే ఇంకా జాగ్రత్తగా తడి తుడవండి.

సాస్ ముందు చేసుకోండి. 350 గ్రాముల టమాటాలు, ఐదు వెల్లుల్లి రెబ్బలు, తుంచిన గుంటూరు మిరపకాయలు రెండు. పది పన్నెండు నిమిషాల్లో దగ్గర పడుతుంది. నాటు టమాటా అయితే పులుపు ఎక్కువ, చిటికెడు పంచదార కావాలి. హైబ్రిడ్ అయితే పులుపు చాలదు, చివర్లో నిమ్మ పిండాలి. ఇందులో వేరుశనగ నూనె వాడినా తేడా తెలియదు.

స్క్విడ్‌ని వేరే మూకుట్లో పెద్ద సెగ మీద అరవై నుంచి తొంభై సెకన్లు మాత్రమే వేయించి, పొయ్యి కట్టేశాక సాస్‌లో కలపండి. స్క్విడ్‌కి మధ్యస్థం అన్నది లేదు. నిమిషంన్నర లోపు మెత్తగా ఉంటుంది, ఆ తర్వాత బిగుసుకుంటుంది, మళ్ళీ మెత్తబడాలంటే సన్న సెగ మీద అరగంట పైన ఉడకాలి. అందుకే నాలుగు నిమిషాలకి గట్టిపడిందని ఇంకో ఐదు నిమిషాలు ఉంచడం వృథా. చెయ్యి దాటిపోతే ధైర్యంగా అరగంట ఉడికించేయండి, సాస్‌లో కాసిన్ని నీళ్ళు పోస్తూ. ఆలస్యమైనా పాడవదు.

## పీత, క్రీమ్

రుచిలో మొదటి స్థానం దీనికే. పని రోజు రాత్రికి మాత్రం వద్దు. కిలో పీతలకి కండ పావుకిలోకి అటూఇటూగా వస్తుంది. అది తీయడానికి ఓపిక ఉన్న ఇద్దరు కూర్చున్నా అరగంట. డిప్ప ముక్కలు కండలో పడకుండా వేళ్ళతో రెండుసార్లు వెతకాలి.

ఆదివారమైతే ఇలా: 400 గ్రాముల పీతలు రెండు ఆవిరి మీద పన్నెండు నిమిషాలు. చల్లారాక కండ తీసి, వెన్నలో ఉల్లికాడలు, మిరియాలు, 100 మి.లీ. ఫ్రెష్ క్రీమ్ చేర్చండి. మన దుకాణాల్లో దొరికే ప్యాకెట్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే. తెర్లితే, లేదా వేడి మీద నిమ్మరసం పడితే విరుగుతుంది. సన్న సెగ మీద చివరి రెండు నిమిషాలకి వేయండి. మొదట్లోనే వేసి మరిగించడం వల్లే చాలా ఇళ్ళలో ఈ సాస్ పలుకులు పలుకులుగా కనిపిస్తుంది.

## కోనాం, చిన్న టమాటా

గోదావరి వైపు వంజరం అనేదాన్నే ఇక్కడ కోనాం అంటాం. కండ గట్టిది, నడిమి ముల్లు తప్ప సన్న ముళ్ళు పెద్దగా ఉండవు, పిల్లలకి భయం లేకుండా పెట్టొచ్చు. నడుము భాగం ముక్కలు 300 గ్రాములు అడిగి, తోలు, ముల్లు తీయించి, రెండు సెంటీమీటర్ల ముక్కలు చేసుకోండి. పులుసు ముక్కల్లా గుండ్రంగా కోయించుకుంటే పాస్తాలో కలవవు, ఆ మాట ముందే చెప్పాలి.

ఉప్పు, మిరియాలు చల్లి రెండు వైపులా కలిపి మూడు నిమిషాలు వేయించి తీసేయండి. అదే నూనెలో వెల్లుల్లి, సగానికి కోసిన చెర్రీ టమాటాలు ఓ పదిహేను, తోలు చిట్లేదాకా. పాస్తా, గంజి కలిపాక చేపని చివర్లో వేసి రెండుసార్లు మాత్రమే తిప్పండి. ఎక్కువ తిప్పితే పొట్టులా విడిపోతుంది. అప్పటికీ రుచి ఏమీ పోదు. కొత్తగా చేసేవాళ్ళకి దీనికంటే తేలికైంది లేదు.

## ఎండు నెత్తళ్ళు, వేయించిన బ్రెడ్ పొడి

ఈ ఐదింట్లో అందరూ పక్కకి నెట్టేసేది ఇదే. ఒకసారి చేసి చూడమని గట్టిగా చెప్పాల్సినదీ ఇదే. దక్షిణ ఇటలీలో ఉప్పులో ఊరిన అంకోవీ చేపలు, నూనెలో వేయించిన బ్రెడ్ పొడితో పాస్తా చేస్తారు. జున్ను కొనలేనివాళ్ళు దాని బదులు బ్రెడ్ పొడి చల్లుకోవడంతో వచ్చిన వంట అది. మన నెత్తళ్ళూ ఆ అంకోవీల కుటుంబంలోవే.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. వాళ్ళ ఉప్పు అంకోవీ వేడి నూనెలో పడగానే కరిగిపోతుంది. ఎండు నెత్తళ్ళు కరగవు. వాటిని కరకరలాడేలా వాడుకోవాలి. 25 గ్రాములు తీసుకుని తలలు తుంచి, ఇసుక పోయేలా రెండుసార్లు గబగబా కడిగి, ఆరబెట్టి, పొడి మూకుట్లో నాలుగు నిమిషాలు వేయించండి. వేలితో విరిస్తే పుటుక్కుమనాలి. సగం కచ్చాపచ్చాగా దంచండి, సగం అలాగే ఉంచండి. రెండు బ్రెడ్ ముక్కల్ని పొడి చేసి, రెండు చెంచాల నూనెలో ఎర్రగా వేయించి పక్కన పెట్టుకోండి.

వెల్లుల్లి, మిర్చి పలుకులు, దంచిన నెత్తళ్ళు నూనెలో ఒక్క నిమిషం. పాస్తా, గంజి. పొయ్యి కట్టేశాక నిమ్మ. మిగిలిన నెత్తళ్ళు, బ్రెడ్ పొడి కంచంలోకి వడ్డించాకే పైన చల్లాలి, మూకుట్లో వేస్తే మెత్తబడతాయి. దీనికి పాస్తా నీళ్ళలో ఉప్పు రెండు టీస్పూన్లకి తగ్గించండి. చేపలోనే బోలెడంత ఉప్పుంది. వేట ఆగిపోయిన మే నెలలో, ఫ్రిజ్‌లో ఏమీ లేని రాత్రి, ఇరవై నిమిషాల్లో ఇంత రుచి ఇంకే చేపా ఇవ్వదు. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళు వంటగది కిటికీ తెరిచి మొదలుపెట్టండి.

## ఇక వైన్

మన దగ్గర వైన్ షాపు అంటే అన్ని మద్యాలూ అమ్మే దుకాణం, అందులో అసలు ద్రాక్ష వైన్‌కి దక్కేది ఒక మూల అర. మీరనుకున్నదే అక్కడ ఉంటుందన్న నమ్మకం లేదు కాబట్టి ఒక పేరు పట్టుకుని వెళ్ళకుండా, రకం తెలుసుకుని వెళ్ళండి. సూలా నాశిక్ నుంచి, ఫ్రాటెల్లీ షోలాపూర్ జిల్లా అక్లూజ్ నుంచి, గ్రోవర్ బెంగళూరు దగ్గరి నంది కొండల నుంచి వస్తాయి. రాష్ట్రంలో కొనడానికి 21 ఏళ్ళు నిండాలి.

| సాస్ | వెతకాల్సింది | అది లేకపోతే | వద్దు |
|---|---|---|---|
| వెల్లుల్లి, నిమ్మ | సావిన్యాన్ బ్లాంక్ | బ్రూట్ | ఓక్ పీపాలో ఉంచిన షార్డనే |
| కారం టమాటా | కాస్త తీపి ఉన్న షెనిన్ బ్లాంక్ | రోజే | 14 శాతం ఆల్కహాల్ దాటిన ఏదైనా |
| క్రీమ్ | షార్డనే | బ్రూట్ | తీపి వైన్లు |
| చిన్న టమాటా, చేప | రోజే | సావిన్యాన్ బ్లాంక్ | కాబర్నే (ఎర్ర వైన్) |
| ఉప్పటి ఎండు చేప | బ్రూట్ | సావిన్యాన్ బ్లాంక్ | ఎర్ర వైన్లన్నీ |

సావిన్యాన్ బ్లాంక్‌లో పులుపు పదునుగా, పచ్చి ఆకు వాసనతో ఉంటుంది. కొత్తిమీర, నిమ్మ ఉన్నచోట రెండూ ఒకదాన్నొకటి పైకి లేపుతాయి. వైన్ పులుపు సాస్ పులుపు కంటే తక్కువైతే నోట్లో నీళ్ళలా చప్పగా అనిపిస్తుంది. నిమ్మ ఎక్కువ పిండుకునేవాళ్ళు షార్డనే జోలికి పోకూడదనేది అందుకే.

కారం దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఆల్కహాల్ మిర్చి మంటని ఆర్పదు, పెంచుతుంది. చేదు, వగరు కూడా అంతే. తీపి ఒక్కటే దాన్ని లొంగదీస్తుంది. కాబట్టి ఎండుమిర్చి సాస్‌కి సీసా మీద ఆల్కహాల్ 12 శాతం చుట్టుపక్కల, రుచి కాస్త తీపిగా ఉన్నది వెతకాలి. సూలా షెనిన్ బ్లాంక్ ఆ కోవలోదే. తీపి వైన్ అంటే మొహం చిట్లించేవాళ్ళు కూడా రెండు గుంటూరు మిరపకాయలున్న స్క్విడ్ పాస్తాతో తాగి చూడాలి, కారం పక్కన ఆ తీపి తీపిలా తెలియదు. అయితే పోర్ట్ అని రాసి ఉండే చవక ఎర్ర సీసాలు వేరే సంగతి. వాటి తీపి పాస్తాని పూర్తిగా మింగేస్తుంది.

బ్రూట్ అంటే లీటరుకి 12 గ్రాముల లోపు చక్కెర ఉన్న బుడగల వైన్. ఉప్పు, నూనె, కరకర ఉన్న ప్రతిదానికీ నప్పుతుంది, ఎందుకంటే ఆ బుడగలు, పులుపు నాలుక మీద నూనెని కడిగేస్తాయి. ఏం కొనాలో తేలకపోతే, లేదా వచ్చే అతిథులు ఎంత కారం తింటారో తెలియకపోతే, ఈ ఐదు పాస్తాల్లో నాలుగింటికి భయం లేకుండా తెరవగలిగేది ఇదే. కారం టమాటాకి మాత్రం బుడగలు మంటని ఇంకాస్త గుచ్చుతాయి.

ఎర్ర వైనే కావాలని పట్టుబట్టేవాళ్ళు ఇంటికొకరుంటారు. సముద్రపు చేపతో తాగితే నోట్లో ఇనుము నాకినట్టు, చేప నీచు రెట్టింపైనట్టు అనిపించడం భ్రమ కాదు. 2009లో జపాన్ పరిశోధకులు స్కాలప్స్ అనే సముద్రపు ఆల్చిప్పలతో పరీక్షించి, వైన్‌లోని ఇనుమే ఆ నీచు వాసనకి ప్రధాన కారణమని తేల్చారు. ఎర్ర వైన్లలో ఇనుము తరచుగా ఎక్కువ ఉంటుంది. షిరాజ్, కాబర్నేలకి వగరు కూడా తోడవుతుంది. ఎర్ర వైనే కావాలనేవాళ్ళకి రోజే పోయండి. ద్రాక్ష తొక్కతో తక్కువసేపు ఉంచి తీస్తారు కాబట్టి రంగు, పండు రుచి ఉంటాయి, వగరు దాదాపు ఉండదు.

వైన్ తాగని ఇంట్లో నిమ్మ సోడా, పంచదార లేకుండా, చిటికెడు ఉప్పుతో. బ్రూట్ చేసే పనే ఇదీ చేస్తుంది. కారం సాస్‌కి అయితే అందులోనే ఒక చెంచా పంచదార, కాస్త అల్లం రసం.

## మీ ఇంటికి ఏది

ఇద్దరే ఉండి, ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ ఉంటే పొట్టు తీసిన రొయ్యలు 250 గ్రాముల పొట్లాలుగా కట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. కవరుతో సహా చన్నీళ్ళలో ఇరవై నిమిషాలు వేస్తే ఐసు వదులుతుంది. వేడి నీళ్ళలో వేస్తే అంచులు ఉడికి మధ్య గడ్డగానే ఉంటుంది. ఒక సావిన్యాన్ బ్లాంక్ సీసా ఫ్రిజ్ తలుపులో ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు.

చిన్న పిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న ఇంటికి కోనాం. మిర్చి పలుకులు బల్ల మీద విడిగా పెడితే ఎవరికి కావలసినంత వాళ్ళు చల్లుకుంటారు. పిల్లల పాస్తా కోసం మూకుట్లో వైన్ వేయకండి, కాస్త ఉడికినంత మాత్రాన ఆల్కహాల్ మొత్తం పోదు.

ఆరుగురు అతిథులొస్తుంటే రొయ్యలు, స్క్విడ్ రెండూ వద్దు. 600 గ్రాముల పాస్తా ఇంటి మూకుట్లో ఒకేసారి తిరగదు, రొయ్యలు మూడు వాయిలు వేయాలి, మొదటి వాయి చల్లారిపోతుంది. అప్పుడే పీత క్రీమ్‌కి అర్థం ఉంది: కండ పొద్దున్నే తీసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, రాత్రికి సాస్ పది నిమిషాలు. అంత ఓపిక లేకపోతే నెత్తళ్ళు, ఎందుకంటే పొడులు రెండూ ముందే సిద్ధంగా ఉంటాయి. 750 మి.లీ. సీసా ఐదు గ్లాసులు. ఆరుగురికి రెండు సీసాలు తెచ్చుకోండి.

జున్ను తురుము అడిగేవాళ్ళు తప్పకుండా ఉంటారు. ఇటలీలో చేపల పాస్తా మీద మామూలుగా వేయరు, పాల వాసన చేప తీపిని కప్పేస్తుంది. ఎవరి కంచం వాళ్ళిష్టం, కానీ పీత క్రీమ్ మీద తప్ప మిగతా నాలుగింటి మీదా వేయకపోవడమే మేలు.

## చల్లదనం, మిగిలిన సీసా

తెల్ల వైన్, రోజే 8–10 డిగ్రీలు, బ్రూట్ 6–8. విశాఖ ఉక్కలో గ్లాసులో పోసిన వైన్ పది నిమిషాల్లో వేడెక్కుతుంది, కాబట్టి గ్లాసు నింపకుండా కొంచెం కొంచెంగా పోసుకుంటూ సీసాని ఐసు నీళ్ళలో ఉంచండి. దుకాణం నుంచి వేడిగా తెచ్చిన సీసాకి ఫ్రిజ్ రెండు గంటలు తీసుకుంటుంది. బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్ళు, గుప్పెడు రాళ్ళ ఉప్పు వేసి అందులో మెడ దాకా ముంచితే ఇరవై నిమిషాలు చాలు, పాస్తా నీళ్ళు పొయ్యి మీద పెట్టేటప్పుడే ఆ పని చేయండి. కొనేటప్పుడు తయారైన ఏడాది చూడండి. తెల్ల వైన్లు, రోజేలు రెండేళ్ళ లోపువైతే మంచిది. కార్క్ పైకి తన్నుకొచ్చినా, మెడ దగ్గర కారి ఎండిన జిగట మరక ఉన్నా ఆ సీసా ఎక్కడో ఎండలో ఉడికిందన్నమాట, తిరిగి ఇచ్చేయండి.

తెరిచిన తెల్ల వైన్ మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు బాగుంటుంది. బ్రూట్‌కి బిగించే మూత లేకపోతే ఆ రాత్రే అయిపోవాలి. సీసాలో అర గ్లాసు మిగిలి తాగేవాళ్ళు లేకపోతే ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించుకోండి. ఇంట్లో ట్రేలో ఒక గడ్డ సుమారు 20 మి.లీ., అంటే మూడు గడ్డలైతే వచ్చే వారం రొయ్యల మూకుడికి సరిపోతాయి.